కవర్ల గోడకి దీపాలు: విజయనగరంలో మా లెన్సుల స్టోరు డైరీ

మే 18

మావయ్యది షోరూము కాదు. వీధి వైపు సరైన బోర్డు కూడా లేదు. నెల్లిమర్ల, గజపతినగరం, బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి వైపు చిన్న చిన్న కళ్ళజోళ్ల షాపులవాళ్లు ఫ్రేమూ, పవరు రాసిన చీటీ కలిపి బస్సు పార్శిల్లో పంపిస్తారు. ఇక్కడ లెన్సు తీసి, ఫ్రేము ఆకారానికి గ్రైండ్ చేసి, బిగించి, సాయంత్రం బస్సుకి తిరిగి ఎక్కించాలి. గ్రైండింగుకి ఆటోమేటిక్ మిషనుంది. పవరు చూసుకోడానికి లెన్సోమీటరుంది. లెన్సు వెతకడానికి మాత్రం తాత ఉన్నాడు.

తాత మాకు చుట్టం కాదు, వర్క్‌షాపులో అందరూ అలాగే పిలుస్తారు. మార్చిలో ఆయనకి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ మావయ్యా, నేనూ, బిల్లింగ్ చూసే చెల్లీ గోడ ముందు నిలబడి కవర్లు తిరగేస్తూనే ఉన్నాం. ఉన్న లెన్సుని లేదనుకుని విశాఖ నుంచి తెప్పించాం. రెండు పార్శిళ్లు బస్సు తప్పాయి. అప్పుడే అన్నాను, 'మావయ్యా, దీన్ని నేను మిషను చేస్తాను' అని. ఫ్యాక్టరీలో పీఎల్‌సీలు (మిషన్లని నడిపే చిన్న కంప్యూటర్లు) చూసి వచ్చినవాడికి నోరు ఊరుకోదు కదా.

మే 22

ముందు లెక్క. స్టోరులో ఉండేవి గుండ్రని, ఇంకా కోయని లెన్సులు. ఒక్కోటి ఒక్కో చదరపు కాగితం కవర్లో, కవరు మీద స్ఫెరికల్ (లెన్సు అంతటా ఉండే పవరు), సిలిండర్ (ఒక దిశలోనే అదనంగా ఉండే పవరు) నంబర్లు. పవర్లు 0.25 చొప్పున పెరుగుతాయి. మైనస్ వైపు ప్లానో (సున్నా) నుంచి −6.00 దాకా 25 మెట్లు, సిలిండర్ సున్నా నుంచి −2.00 దాకా 9 మెట్లు. 25 × 9 అంటే 225 రకాలు. మామూలు హార్డ్ కోటు, గ్రీన్ కోటింగు, బ్లూ కట్ అని మూడు కోటింగులు కలిపితే 675. ప్లస్ వైపు +0.25 నుంచి +4.00 దాకా ఇదే లెక్క కడితే ఇంకో 432. మొత్తం 1107 గూళ్లు. దూరానికీ దగ్గరికీ ఒకే లెన్సులో చూపిచ్చే బైఫోకల్ జోలికి ఇంకా వెళ్లనే లేదు.

ఆక్సిస్, అంటే సిలిండర్ ఏ కోణంలో నిలబడాలో చెప్పే అంకె, ఈ లెక్కలో లేదు. మొదటి రోజు దాన్ని కూడా కలిపి కూర్చుని, రకాలు లక్షల్లోకి పోతుంటే బెంగపడ్డాను. లెన్సు గుండ్రంగా ఉంది కాబట్టి ఫిట్టింగులో ఎంత కావాలంటే అంత తిప్పి కోస్తారు. 180 అయినా 90 అయినా తీసేది ఒకే కవరు. ఈ సంగతి నాకు చెప్పింది గ్రైండింగ్ కుర్రాడు, అదీ నవ్వుతూ.

జూన్ 3

మొదటి ప్లాను గొప్పగా ఉంది. పెద్ద లెన్సు ఫ్యాక్టరీల్లో ఉండే నిలువు లిఫ్టు స్టోరుల్లో మనిషి కదలడు, లెన్సులున్న అరే మనిషి దగ్గరికి వస్తుంది. దానికి పేదవాడి తమ్ముడిలాంటిది చేద్దామనుకున్నాను. రాక్ ముందు అడ్డంగా, నిలువుగా తిరిగే పట్టా, మెట్టు మెట్టుగా తిరిగే రెండు స్టెప్పర్ మోటార్లు, చివర గాలి పీల్చి పట్టుకునే వాక్యూమ్ కప్పు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఫిట్టరొకాయన ఫ్రేము వెల్డింగ్ చేసిపెట్టాడు. నేను కొలత టేపు తీస్తుంటే ఆయన దారం కట్టి మూలలు సరిచూసేశాడు. నా టేపు అక్కర్లేకపోయింది.

జూన్ 11

మోటార్లు బాగానే తిరిగాయి. కవరే మాట వినలేదు.

కాగితంలోంచి గాలి పోతుంది. కప్పు గాజు మీద పట్టుకున్నట్టు కాగితాన్ని పట్టుకోదు. పంపు స్పీడు పెంచితే ముందు కవరుతో పాటు వెనకది కూడా అంటుకుని వచ్చింది. పైగా ముందు కవరు ఎంత లోపల ఉందో ఒక్కో గూట్లో ఒక్కోలా ఉంటుంది. మైనస్ లెన్సు మధ్యలో పల్చన, అంచున మందం. అంచు ఎంత పెరుగుతుందో ఉజ్జాయింపు లెక్క సులువే: అర వ్యాసాన్ని మి.మీ.లో వర్గం చేసి, పవరుతో గుణించి, 2000తోనూ, ఇండెక్సులోంచి (లెన్సు పదార్థం వెలుతుర్ని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1 తీసేసిన అంకెతోనూ భాగించాలి. 70 మి.మీ. లెన్సు, 1.56 ఇండెక్సు, −6.00 పవరు అయితే 6.5 మి.మీ. పైన వస్తుంది. మధ్య మందం కలిపితే 8 మి.మీ. అదే −0.50 అయితే అంతా కలిపి 2 మి.మీ. ఉంటుందేమో. అంటే ఇరవై కవర్లు ఒక గూట్లో జానెడు చోటు ఆక్రమిస్తే ఇంకో గూట్లో నాలుగు వేళ్ల మందమే ఉంటాయి. వెనక స్ప్రింగ్ పెట్టి ముందుకి తోయించాలనుకున్నాను. 225 స్ప్రింగులు!

సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. నా మిషను కవరు తేవడానికి 22 సెకన్లు, అదీ తెచ్చినప్పుడు. తాత 5 సెకన్లు, ఎవరితోనో మాట్లాడుతూ.

'బాగుంది బావూ, ఊయలకి పనికొస్తది' అన్నాడు తాత, ఆ పట్టా వైపు చూసి. మావయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కుట్టింది.

జూన్ 14

పట్టా విప్పేశాం. రాక్ మాత్రం ఉంచాను, వెల్డింగ్ అంత చక్కగా ఉంది.

చేతులు తాతవే ఉండనీ, కళ్లకే సాయం చేద్దాం అని ప్లాను మార్చాను. చీటీ స్కాన్ చేస్తే ఏ గూట్లో లెన్సు ఉందో ఆ గూటి కింద దీపం వెలగాలి. తీసిన కవరుని స్కాన్ చేస్తే సరైనదా కాదా చెప్పాలి. గోదాముల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతే, నేను కనిపెట్టిందేమీ లేదు.

ఒక రాక్ అంటే 15 వరసలు, వరసకి 15 గూళ్లు, గూడు వెడల్పు 10 సెం.మీ. వరసకి మీటరున్నర ఎల్‌ఈడీ పట్టీ. మీటరుకి 30 దీపాలుండి, ఒక్కోదాన్నీ విడిగా వెలిగించగల డబ్ల్యూఎస్2812బీ రకం తీసుకున్నాను, గూటికి మూడు దీపాలు వస్తాయి. మొత్తం 675. దీపం పూర్తి తెలుపులో వెలిగితే 60 మిల్లీయాంపులు లాగుతుంది. అన్నీ ఒకేసారి వెలిగితే 40 యాంపులు. అలా ఎప్పుడూ వెలగవు కాబట్టి, ఒకేసారి 12 గూళ్లకి మించి వెలగకుండా ప్రోగ్రాములోనే కట్టడి పెట్టి 5 వోల్టులు, 10 యాంపుల సప్లై కొన్నాను. ఒక తమాషా: ఆరిపోయి ఉన్నా ఒక్కో దీపం లోపలి చిప్పు దాదాపు ఒక మిల్లీయాంపు తింటూనే ఉంటుంది. 675 దీపాలూ చీకట్లోనే అర యాంపు పైన లాగుతాయి. మావయ్యకి ఈ విషయం చెప్పలేదు. కరెంటు బిల్లు చూసి ఆయనే అడిగితే చెప్తాను.

జూన్ 20

బల్ల మీద పనిచేసింది. రాక్ మీద పిచ్చిపట్టినట్టు మెరిసింది, ముఖ్యంగా గ్రైండింగ్ మిషను ఆన్ చేసినప్పుడు.

ఈఎస్‌పీ32 అనే, దీపాల్ని నడిపే చిన్న కంప్యూటరు బోర్డు ఇచ్చే సిగ్నలు 3.3 వోల్టులు. 5 వోల్టులతో నడిచే ఈ దీపాలకి సిగ్నలు కనీసం 3.5 ఉండాలని వాటి డేటాషీటే చెప్తుంది. జానెడు వైరుతో ఎలాగో గట్టెక్కింది, రెండు మీటర్ల వైరుకి బోల్తా పడింది. విశాఖ వెళ్లి 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న చిప్పు తెచ్చుకున్నాను. 3.3ని 5 చేసిపెట్టడమే దాని పని. డేటా వైరులో 470 ఓముల రెసిస్టరు, సప్లై దగ్గర 1000 మైక్రోఫారాడ్ కెపాసిటరు. డేటా వైరుని మిషను కరెంటు వైరుకి దూరంగా రాక్ అవతలి పక్కనుంచి లాగాను. ఆ రోజు నుంచి మెరుపుల్లేవు.

కింది వరసల్లో తెలుపు కాస్తా ఎర్రగా మారుతోంది. చివరికి వచ్చేసరికి వోల్టేజి పడిపోతోంది, ముందు నీలం చిక్కిపోతుంది. ప్రతి వరసకీ రెండు చివర్లా విడిగా కరెంటు ఇచ్చాను. అదీ సరే. ఇంకోటి మాత్రం నా బుర్ర తప్పు. పట్టీలు పాములా మెలికలు తిరిగి వెళ్తాయి: మొదటి వరస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకి. కోడులో ఆ సంగతి మర్చిపోయాను. సరి వరసలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. −0.50 సిలిండర్ అడిగితే −1.50 గూడు వెలుగుతోంది. రెండు గంటలు వైర్లనే తిట్టాను.

జూన్ 29

తాత దీపాలు చూశాడు. బాగున్నాయన్నాడు. తీయమంటే పక్క గూట్లోది తీశాడు. మళ్లీ చెప్తే అవతలి పక్కది తీశాడు. కావాలనే చేస్తున్నాడనుకుని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

సాయంత్రం టీ తాగుతూ ఆయనే అన్నాడు: 'ఓ దీపానికి మూడు గూళ్లు ఎలుగుతన్నాయి బావూ. ఏది తీయాలో నువ్వే సెప్పు.'

కుడి కంట్లో శుక్లం. ఎడమ కంటితో ముప్ఫయ్యేళ్ల అలవాటు కలిసి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చేశాడు. కవరు మీది అంకెలు ఆయన చదవడం లేదు, చెయ్యే వెళ్లిపోతోంది. శుక్లం ఉన్న కంటికి గట్టి వెలుతురు చెదిరి చుట్టూ వలయంలా కనిపిస్తుంది. నేనేమో దీపాల్ని 255కి 255 పెట్టి దీపావళి చేశాను. వెలుగు 25కి తగ్గించాను. మూడు దీపాల్లో మధ్యదొక్కటే వెలిగేలా చేశాను. పైన ట్రేసింగ్ పేపరు ముక్క అంటించాను. ఇప్పుడు గూటి కింద పసుపుబొట్టంత మెత్తటి వెలుగు. తాత వరసగా పది తీశాడు, పదీ సరైనవే.

కళ్ళజోళ్ల పనివాళ్లం, మా స్టోరు మనిషి కళ్లు మేం చూడలేదు. ఆపరేషను చలికాలంలో చేయించుకుంటానన్నాడు. మావయ్య అప్పటికప్పుడు క్యాలెండరు మీద గీత పెట్టాడు.

జూలై 9

ఇవాళ సాలూరు చీటీ ఒకటి నా మిషను పరువు తీసింది.

చీటీలో −2.00 / +0.50 × 90. కంప్యూటరు వెతికి, అలాంటి గూడే లేదంది. చెల్లి విశాఖకి ఆర్డరు పెట్టడానికి ఫోను తీసింది. తాత చీటీ వైపు చూసి, వెళ్లి, −1.50 / −0.50 కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'లేదని సెప్పిందా నీ పెట్టె? ఇదేటి మరి?'

రెండూ ఒకే లెన్సు. సిలిండర్ని కొందరు డాక్టర్లు ప్లస్‌లో రాస్తారు, కొందరు మైనస్‌లో. మార్చుకోవాలంటే స్ఫెరికల్‌కి సిలిండర్ని కలపాలి, సిలిండర్ గుర్తు తిప్పాలి, ఆక్సిస్ 90 డిగ్రీలు మళ్లించాలి. −2.00కి +0.50 కలిపితే −1.50. +0.50 కాస్తా −0.50 అవుతుంది. 90 కాస్తా 180. ఈ లెక్క నేర్పే చోట్ల దీనికి ట్రాన్స్‌పొజిషన్ అని పేరు. తాత పదో తరగతి దాటలేదు.

రాత్రి కూర్చుని ప్రతి చీటీనీ ముందు మైనస్ సిలిండర్లోకి మార్చి ఆ తర్వాతే గూడు వెతికేలా రాశాను. ఆరు లైన్ల కోడు. స్టాకంతా తిరగేస్తే ఒకే లెన్సు రెండు పేర్లతో రెండు చోట్ల ఉన్న గూళ్లు కూడా కొన్ని బయటపడ్డాయి.

రాతల గొడవ అక్కడితో ఆగలేదు. −75 అని రాస్తే −0.75 అని అర్థం. −150 అంటే −1.50. డీఎస్ అంటే సిలిండర్ లేదని. సున్నాకి ప్లానో అనీ, పీఎల్ అనీ, ఒట్టి గీత అనీ మూడు రకాలు. −5 అని రాస్తే మాత్రం అది −0.50 కావచ్చు, −5.00 కూడా కావచ్చు. దాన్ని ఊహించే తెలివి ప్రోగ్రాముకి ఇవ్వలేదు. ఎర్ర గీత వేసి 'షాపుకి ఫోను చెయ్యి' అని చూపిస్తుంది. కంటి మీద పందేలు వద్దు.

జూలై 24

నంబరు వరసలో అందంగా సర్దిన నా గోడని తాత మూడు వారాల్లో తన దారికి తెచ్చుకున్నాడు. నేను సున్నా నుంచి పై వరసలో మొదలుపెట్టాను, ఎందుకంటే బడిలో పట్టిక అలాగే మొదలవుతుంది. రోజంతా ఎక్కువగా అడిగే −0.50 నుంచి −2.00 దాకా లెన్సులన్నీ అలా ఆయన నెత్తి మీదికి పోయాయి. అవసరం పెద్దగా రాని −3.50 / −1.75 లాంటివి ఛాతీ ఎత్తున హాయిగా కూర్చున్నాయి. ఆయనేమో ఒక్కో గూడే నెమ్మదిగా అటూ ఇటూ మార్చేశాడు, నాకు చెప్పకుండా. దీపం ఒక చోట, లెన్సు ఇంకో చోట.

గొడవ పెట్టుకుని లాభం లేదు, ఆయన మార్పులే సరైనవి. కోడులో పవరుకీ గూటికీ ఉన్న ముడి తెంపేశాను. ఇప్పుడు గూటికి ఒక నంబరు, అందులో ఏ లెన్సుందో డేటాబేసులో వేరే. గూడు మార్చాలంటే కొత్త గూటి బార్‌కోడు, కవరు బార్‌కోడు స్కాన్ చేస్తే చాలు. తాత ఈ ఒక్క పని మాత్రం ఎంతో ఇష్టంగా చేస్తాడు. కిందటి ఆదివారం అరవై గూళ్లు మార్చాడు.

ఆగస్టు 17

మైనస్ వైపు మూడు రాకులూ పూర్తి. రాక్‌కి ఒక ఈఎస్‌పీ, మధ్యలో అన్నిటినీ నడిపే అరచేతంత కంప్యూటరు, ఒక రాస్ప్‌బెర్రీ పై, దాంట్లో డేటాబేసుకి ఎస్‌క్యూలైట్.

ఇదివరకు ఒక చీటీ పట్టుకుని వెళ్లి, రెండు లెన్సులు తెచ్చి, మళ్లీ ఇంకో చీటీ. గోడ నాలుగున్నర మీటర్లయ్యేసరికి ఈ తిరుగుడు ఎక్కువైంది. అందుకే ట్రాలీ మీద ఎనిమిది ట్రేలు పెట్టాం, ఎనిమిది ఆర్డర్లకి. ఎనిమిది చీటీలూ ముందే స్కాన్ చేస్తే 16 లెన్సులనీ గోడ వరసలో పేర్చి చూపిస్తుంది. ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరకి వచ్చేసరికి అన్నీ ట్రేల్లో ఉంటాయి. కవరు స్కాన్ చేయగానే ఏ ట్రేలో వేయాలో ఆ ట్రే దీపం వెలుగుతుంది. ట్రేకి రెండు అరలు, కుడి కన్నూ ఎడమ కన్నూ. కవర్లోంచి తీశాక −1.25నీ −1.50నీ చూసి ఎవరూ పోల్చలేరు కాబట్టి లెన్సు ఫిట్టింగ్ బల్ల దాకా కవర్లోనే వెళ్తుంది.

తెల్ల పొడి సంగతి కూడా రాసుకోవాలి. లెన్సుల్ని నీళ్లతో కోసినా, ఆ నీళ్లు ఆరాక పిండిలాంటి పొడి అంతటా పేరుకుంటుంది. రెండు వారాల్లో బార్‌కోడులు మసకబారి స్కానరు మొరాయించింది. లేబుళ్ల మీద పారదర్శక టేపు అతికించాం. శనివారం సాయంత్రం తడిగుడ్డ పెట్టే డ్యూటీ నాదే.

సెప్టెంబరు 6

స్టాకు లెక్క కుదరడం లేదు. కంప్యూటరులో నాలుగు, గూట్లో రెండు. దొంగతనం కాదు, బ్రేకేజీ. ఫిట్టింగులో అంచు చిట్లితే కుర్రాడు లేచి ఇంకో లెన్సు తీసుకుంటాడు, ఎవరికీ చెప్పడు. మావయ్య తిడతాడని భయం. మొదట 'బ్రేకేజీ రాయండి' అని పుస్తకం పెట్టాను. వారం రోజులు తెల్లగానే ఉంది.

ఇప్పుడు పుస్తకం లేదు. ఖాళీ కవరు పారేయకూడదు, ఎర్ర డబ్బాలో వేయాలి, అంతే. రోజు చివర చెల్లి ఆ కవర్లని స్కాన్ చేస్తుంది. ఎవరి చేతిలో చిట్లిందో అందులో ఉండదు. మావయ్య ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది. మొదటి వారం ఎర్ర డబ్బాలో ఉన్న కవర్లు చూసి ఆయనే కాసేపు మాట్లాడలేదు. చాలామటుకు ఒకే రకం ఫ్రేమువి, కింద నైలాన్ దారంతో బిగించేవి. గాడి లోతు సర్దుకోవాల్సింది మిషను దగ్గర.

అక్టోబరు, సిరిమాను మర్నాడు

పండగ ముందు వారం రోజూ కంటే పార్శిళ్లు చాలా ఎక్కువ వచ్చాయి. అందరికీ పైడితల్లి ఉత్సవానికి కొత్త జోడే కావాలి. మంగళవారం మూడు లాంతర్ల జంక్షను నుంచి కోట దాకా అడుగుపెట్టే చోటు ఉండదు, బస్సులూ దారి మళ్లుతాయి. కాబట్టి అన్నీ సోమవారమే వెళ్లిపోవాలి.

సోమవారం మధ్యాహ్నం వాన, కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద రాస్ప్‌బెర్రీ పై బతికింది. దీపాల సప్లైని ఇన్వర్టరుకి కలపడం మర్చిపోయాను. ట్రాలీ మీద ఎనిమిది చీటీలు, గోడంతా చీకటి. నేను ఎక్స్‌టెన్షన్ బోర్డు కోసం పరిగెత్తి వచ్చేసరికి తాత ఏడో ట్రేలో ఉన్నాడు. చెల్లి ఫోను లైటు పట్టుకుని కవర్లు స్కాన్ చేస్తోంది. ఒక్కటే తప్పు వచ్చింది, స్కానరు కూత పెట్టింది, ఆయన 'అలగా?' అని మార్చేశాడు.

ఆ రాత్రి నుంచి రోజూ షాపు మూసే ముందు గూళ్ల పటం ఒక కాగితం మీద ప్రింటవుతుంది. తలుపు వెనక మేకుకి గుచ్చుతున్నాం.

అక్టోబరు 26

ఇక బైఫోకల్. చత్వారం వచ్చినవాళ్ల లెన్సులు కాబట్టి మా ఆర్డర్లలో వీటి వాటా చిన్నదేమీ కాదు. కింద గుండ్రటి ముక్క ఉండే కేటీ రకం, సిలిండర్ లేకపోతే, కుడికీ ఎడమకీ ఒకటే, కాస్త తిప్పి కోస్తే సరిపోతుంది. డీ ఆకారం ముక్క ఉన్నదానికి పైగీత అడ్డంగా నిలబడాలి, ముక్క ముక్కు వైపు జరిగి ఉండాలి. కాబట్టి కుడి వేరు, ఎడమ వేరు. 25 స్ఫెరికల్ పవర్లు, +1.00 నుంచి +3.00 దాకా 9 అడిషన్లు (దగ్గర చూపుకి కలిపే పవరు), రెండు కళ్లు: 450 గూళ్లు. అంటే ఇంకో రెండు రాకులు.

చోటు కొలిచాను. కిటికీ పక్క గోడ సరిగ్గా సరిపోతుంది. కాకపోతే దాని మధ్యలో పైడితల్లి అమ్మవారి ఫొటో ఉంది, మావయ్య వాళ్ల నాన్నగారు పెట్టింది. పక్క గోడకి మారుద్దామా అని అడిగాను.

'ఫొటో కదలదు. దాని కిందనుంచి మొదలెట్టు' అన్నాడు మావయ్య.

పై నాలుగు వరసలు తీసేసి, మిగిలినవి పొడుగు పెంచి కొత్త డ్రాయింగ్ గీస్తున్నాను. నెల్లిమర్ల ఫిట్టరుకి రేపు ఫోను చేయాలి.